యుద్ధపు ఫోటోలు, వాటి కింది రాతలు

క్రిందటి సెలవుల్లో మేము కాలిఫోర్నియాలోని మోడెస్టోలో మా మేనత్తగారి ఇంట నెల రోజులు ఉన్నాము. 1987 తర్వాత ఫిజీ విడిచి వెళ్ళిన మనవాళ్ళు ఆ చుట్టుపట్ల చాలామంది ఉన్నారు. ఏ ఇంటికి వెళ్ళినా బీరువా అడుగున ఒక రేకు పెట్టె, అందులో పాత పాస్‌పోర్టులు, పెళ్ళి ఫోటోలు, చెరకు మిల్లు రసీదులు ఉంటాయి. అత్తయ్య పెట్టెలో మాకు అరచేయంత ఫోటో ఒకటి దొరికింది. ఒక అమెరికన్ సిపాయి జీపులో కూర్చుని ఉన్నాడు, ఇనుప టోపీ మోకాలి మీద. పక్కన మనవాళ్ళు ఇద్దరు నిలుచున్నారు. ఒకాయనకు తలపాగా, చంకలో ఇస్త్రీ బట్టల మూట. రెండో ఆయన పొట్టి లాగు, చొక్కా తొడుక్కుని, జీపు మీద చేయి వేసీ వేయనట్టు వేశాడు. ఫోటో వెనక పెన్సిలుతో ఇంగ్లీషులో మూడు ముక్కలు: నాంది, 1942, నా జీపు. యుద్ధం అయిపోయాక ఆ సిపాయే దాన్ని తపాలాలో పంపాడట. (తెలుగు తరగతిలో 'నాంది' అంటే ఆరంభం అని మాస్టారు చెప్పినప్పుడు మా ఊరి పేరు తెలుగు మాట అనుకుని మేము చాలా సంతోషించాము. కాదని తెలియడానికి ఒక వారం పట్టింది.)

మా మేనల్లుడికి పాత మోటారు బళ్ళంటే పిచ్చి. ఫోటో చేతికివ్వగానే ఐదు నిమిషాల్లో చెప్పేశాడు. బండి ముందున్న జాలీ ఇనుప పట్టీలు వరసగా అతికి చేసినది కాబట్టి ఇది విల్లీస్ కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో 1941 చివర మొదలుపెట్టి 1942 తొలి నెలల దాకా చేసిన మొదటి బళ్ళలోది. తర్వాత వచ్చిన వాటికి ఒకే రేకు మీద తొమ్మిది సందులు కోసిన జాలీ ఉంటుంది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అంతటి మందలో ఈ ఒక్క జీపు ఏ నెలల్లో పుట్టిందో చెప్పగలిగాము. పక్కన నిలుచున్న ఇద్దరు మనుషులు ఎవరో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని అక్కడి గ్రంథాలయానికి వెళ్ళి, అమెరికా సైన్యపు చరిత్ర శాఖ 1952లో వాషింగ్టన్‌లో అచ్చువేసిన 'ది వార్ అగెనెస్ట్ జపాన్' అనే బొమ్మల సంపుటం తీసి చూశాము. రెండవ ప్రపంచ యుద్ధం మీద ఆ సైన్యం రాయించిన పెద్ద చరిత్రలో ఇది ఒక భాగం. మాటల్లో రాసిన సంపుటాలు డజన్ల కొద్దీ ఉండగా, ఫోటోలతో చెప్పినవి మూడే మూడు: మధ్యధరా ప్రాంతానికి ఒకటి, యూరపుకు ఒకటి, జపానుతో జరిగిన యుద్ధానికి ఇది. ఫోటోలను కూర్చినవారు కెప్టెన్ కెన్నెత్ హంటర్, వాటికి మాటలు రాసినవారు మార్గరెట్ ట్యాక్లీ. నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. సర్కారు ప్రచురణ కాబట్టి హక్కుల తగాదా లేదు. ఈనాడు ఎవరైనా డబ్బు ఇవ్వకుండా చదువుకోవచ్చు. మన పాఠకుల్లో చాలామంది పసిఫిక్ దీవుల్లో పుట్టినవారే గనుక ఈ పుస్తకం మనకు దూరపుది కాదు. అందుకే దీన్ని గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాము.

ముందు మంచి చెప్పాలి. ఇంత నిదానంగా యుద్ధాన్ని చూపించిన సర్కారు పుస్తకం మేము ఇంకొకటి చూడలేదు. జెండాల ఊపు తక్కువ, బురద ఎక్కువ. ఓడలోంచి పెట్టెలు దించడం, చెట్లు నరికి దుంగలతో బాట పరచడం, గాయపడినవాణ్ణి డోలీ మీద మోయడం, వానలో గుడారం కూలిపోవడం, ఇలాంటివే పేజీలకు పేజీలు. యుద్ధమంటే తుపాకి పేలిన క్షణమే అనుకునే కుర్రాళ్ళకు, అది మోత, ఎదురుచూపు, జ్వరం అని ఈ పుస్తకం నెమ్మదిగా నేర్పుతుంది. భూగోళం చెప్పే మాబోటి బడిపంతుళ్ళకు పగడపు దిబ్బ, మడ అడవి, అగ్నిపర్వతపు బూడిద నేల ఎలా ఉంటాయో చూపించడానికి ఇంతకంటె మంచి బొమ్మలు దొరకవు.

కాని ఫోటోల కింద ఉన్న రాతలు వరసగా చదువుతూ పోతే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఫోటోలో తుపాకి ఉంటే దాని గొట్టం ఎన్ని మిల్లీమీటర్లో, ఏ నమూనాదో రాస్తారు. టాంకు ఉంటే తేలికదా, మధ్యరకందా, ఏ సంఖ్యదో చెబుతారు. విమానమైతే అక్షరంతో సహా. సేనాపతి ఉంటే హోదా, పేరు, ఎడమనుంచి ఎన్నోవాడో రాస్తారు. మామూలు సిపాయి వస్తే 'పదాతి' అనో 'ఇంజనీరు దళం వారు' అనో సరిపెడతారు. దీవివాడు వస్తే 'నేటివ్'. అంతే, కథ ముగిసింది. ఈ చివరి మాటను తెలుగులో ఏమనాలో ఆలోచించి మేము విసిగిపోయాము. 'స్థానికుడు' అంటే మర్యాద ఎక్కువైంది, 'దేశవాళీ' అంటే పశువుల సంతలో మాట అయింది. ఇంగ్లీషులో ఆ మాటకున్న చులకన ఏ తెలుగు మాటలోనూ ఒదగలేదు. మేము తెలుగును ఇంట్లో కాక సంఘం వారి సాయంకాలపు తరగతుల్లో, మీసాలు వచ్చాక నేర్చుకున్నవాళ్ళం. ఇంతకంటె సరియైన మాట తెలిసిన పెద్దలు ఉంటే చెప్పగలరు.

ఫోటోలను ఏ లెక్కన ఎంచారో పుస్తకం ముందుమాటలోనే ఉంది. నేల స్వరూపం, ఆయుధాలు, సామగ్రి, సిపాయిల బతుకు, వాతావరణం, యుద్ధ చర్యలు, ఆ తర్వాత మానవాసక్తి గల విషయాలు. మనిషి ఆ వరసలో ఆఖరున వచ్చాడు. అబద్ధం ఆడలేదు, చెప్పి మరీ చేశారు.

దీనికి జవాబు ఉంది, మాకు తెలుసు. గుండ్ల మధ్య పరుగెత్తుతూ ఫోటో తీసేవాడు ప్రతివాణ్ణి ఆపి పేరు అడగలేడు. తీసిన ఫిలిం ఎక్కడో కడగబడి, సెన్సారు అధికారి బల్ల మీదికి పోయి, దళం పేరూ ఊరి పేరూ కొట్టివేయించుకుని బయటికి వచ్చేది. పేర్లు పోవడానికి అది చాలు. ఆ ఫోటోలు తీస్తూ చనిపోయినవారూ ఉన్నారు. ఇదంతా ఒప్పుకుంటాము. అయినా పేరు కావాలని గట్టిగా అనుకున్నప్పుడు ఏం జరిగిందో ఒక ఫోటో విషయంలో చూద్దాం.

1945 ఫిబ్రవరి 23న ఇవో జీమా దీవిలో సురిబాచి కొండ మీద ఆరుగురు మెరీను సిపాయిలు జెండా ఎత్తుతున్న ఫోటోను జో రోజెంతాల్ తీశాడు. ఆ రోజు ఎత్తిన రెండో జెండా అది. మొదటిదాన్ని ఫోటో తీసిన లూయీ లోవరీ పేరు ఈనాడు ఎంతమందికి తెలుసు? రోజెంతాల్ ఫోటోకు ఆ సంవత్సరమే పులిట్జర్ బహుమతి వచ్చింది. తపాలా బిళ్ళ అయింది. 1954లో ఆర్లింగ్టన్‌లో కంచు విగ్రహం అయింది. ఫోటోలో ఒక్కరి మొహమూ సరిగా కనిపించదు. అయినా దేశం ఆ ఆరుగురి పేర్లు కావాలంది. చెప్పిన పేర్లలో ఒకటి తప్పని 1947లో దిద్దారు. మళ్ళీ 2016లో ఒక పేరు తీసి హెరాల్డ్ షుల్ట్స్ అని పెట్టారు. 2019లో ఇంకొకటి తీసి హెరాల్డ్ కెల్లర్ అని పెట్టారు. షుల్ట్స్ లాస్ ఏంజిలిస్‌లో తపాలా శాఖలో పనిచేసి 1995లో కన్నుమూశాడు. తాను ఆ ఫోటోలో ఉన్నానని ఊరంతా చాటుకోలేదు. 74 సంవత్సరాల తర్వాత కూడా ఆ శీర్షికను దిద్దుతూనే ఉన్నారు! ఎలా కనిపెట్టారనేది ఇంకా ఆశ్చర్యం. చరిత్ర మీద మోజున్న మామూలు మనుషులు, అదే రోజు తీసిన వేరే ఫోటోలు పక్కన పెట్టుకుని, నడుము పట్టాకు వేలాడే సామాను, టోపీ తీరు, పట్టీల అమరిక పోల్చి, ఇది ఆ మనిషి కాదు, ఈ మనిషి అని తేల్చారు. అంటే సామాను ద్వారా మనిషిని పట్టుకున్నారు. కాబట్టి తుపాకి సంఖ్య రాయడం తప్పని మేము అనడం లేదు. అక్కడే ఆగిపోవడం తప్పంటున్నాము.

సేనాపతుల ఫోటోల సంగతి వేరు. వారికి పేరు కొరత లేదు. 1944 అక్టోబరు 20న ఫిలిప్పీన్స్‌లోని లేతే దీవిలో జనరల్ మెకార్థర్ మోకాలి లోతు నీళ్ళలో నడిచి వస్తున్న ఫోటో చూడనివారు ఉండరు. తీసినవాడు ఆయన సొంత ఫోటోగ్రాఫరు ఫెయిలాస్. పడవ లోతు తక్కువచోట నేలకు తగిలి ఆగిపోవడం వల్ల నడవవలసి వచ్చింది. జనరల్ మొహంలో కోపం కూడా ఉంది. కాని ఫోటో అద్భుతంగా వచ్చింది. మరుసటి జనవరిలో లింగాయెన్ అఖాతం దగ్గర దిగేటప్పుడు ఇంజనీర్లు ఆయన పాదాలు తడవకుండా తేలే వంతెన అమర్చి పెట్టారట. పడవ దానిదగ్గరికి పోకుండా పక్కకు తిరిగి, ఆయన మళ్ళీ నీళ్ళలోకి దిగాడని అప్పుడు ఫోటో తీసిన కార్ల్ మైడాన్స్ తర్వాత చెప్పుకున్నాడు. మొదటిసారి ఫోటో జనరల్‌ను పట్టుకుంది, రెండోసారి జనరల్ ఫోటోను పట్టుకున్నాడు. మాకు ఈ రెండో ఫోటో మీద కోపం రాలేదు గాని, దానికి ముందు మోకాలి లోతు ఏమిటి, మెడలోతు నీళ్ళలో దిగి తిరిగి రానివారి మీద బెంగ వచ్చింది.

సేనాపతి, సిపాయి కలిసి ఉన్న ఫోటోలలో మాకు అన్నిటికంటె నచ్చినది ఇంకొకటి. 1944 జూన్ 5 సాయంత్రం, నార్మండీ దాడికి ముందు, ఇంగ్లండులోని గ్రీన్‌హమ్ కామన్ విమానస్థలంలో ఐసెన్‌హోవర్ పారాచూటు సిపాయిల మధ్య నిలబడి చేయెత్తి ఏదో చెబుతున్నాడు. 'శత్రువును తుదముట్టించండి' అంటున్నాడనుకుంటాము. ఎదురుగా ఉన్న లెఫ్టినెంట్ వాలెస్ స్ట్రోబెల్ తర్వాత చెప్పినదాని ప్రకారం, ఊరేదని అడిగి, మిషిగన్ అనగానే అక్కడ చేపలు బాగా పడతాయని మాట్లాడాడట! ఆ రోజు స్ట్రోబెల్ పుట్టినరోజు కూడా. అతని మెడలో 23 అని రాసిన అట్ట ఉంది. ఎక్కవలసిన విమానం సంఖ్య అది.

మెడలో సంఖ్య చూడగానే మాకు కళ్ళు అక్కడే ఆగిపోయాయి. గిర్మిటు మనుమలకు ఎవరికైనా ఆగుతాయి. 1879 నుంచి 1916 దాకా ఫిజీకి వచ్చిన 60 వేలకు పైబడిన మన పూర్వులు, అందులో 1903 నుంచి మద్రాసు రేవునుంచి ఓడ ఎక్కినవారు, సంఖ్యలుగానే రాయబడ్డారు. హవాయి చెరకు తోటల్లో అయితే కూలీలకు లోహపు బిళ్ళ మీద సంఖ్య చెక్కి ఇచ్చేవారు. జపాను కూలీలు దాన్ని 'బాంగో' అనేవారు. జీతం తీసుకునేటప్పుడు పేరు కాదు, ఆ సంఖ్య పలకాలి. స్ట్రోబెల్‌కు ఆ 23 ఒక్క రాత్రి సంఖ్య. బతికి బయటపడి, అది ఏమిటో తానే చెప్పుకోగలిగాడు. సంఖ్యకు, మనిషికి మధ్య తేడా అంతా అక్కడే ఉందనిపించింది.

హవాయి మాట వచ్చింది గనుక అక్కడి తోటల బిడ్డల కథ చెప్పకుండా ముందుకు పోలేము. మన కథకు అంత దగ్గరి చుట్టం ఇంకోటి లేదు. 1885 నుంచి ఒప్పందం మీద హవాయి చెరకు తోటలకు వచ్చిన జపాను కూలీల కొడుకులు, మనుమలు 1942 నాటికి అమెరికా పౌరులు. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేశాక వారిని అనుమానించారు. అమెరికా పడమటి తీరంలో అయితే 1942 ఫిబ్రవరి 19 నాటి ఉత్తర్వుతో జపాను సంతతివారిని లక్షా ఇరవై వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించి, ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు. హవాయిలో జనాభాలో మూడోవంతుకు పైగా వాళ్ళే. అందరినీ లోపల వేస్తే చెరకు నరికేదెవరు? అందుకని ఎక్కువమందిని వదిలేశారు. ఆ కుర్రాళ్ళే 100వ బెటాలియన్‌గా, ఆ పైన 442వ రెజిమెంటుగా ఇటలీలో, ఫ్రాన్సులో పోరాడారు.

1944 నవంబరు 12న ఫ్రాన్సులో బ్రుయేర్ అనే ఊరి దగ్గర సిగ్నల్ కోర్ వారు తీసిన ఫోటో ఉంది. సన్నని మంచు పడుతోంది. 442వ రెజిమెంటు వాళ్ళు జెండాలతో కదలకుండా నిలబడి ఉన్నారు, ప్రశంసా పత్రాలు చదువుతుంటే వింటున్నారు. రెండు వారాల కిందటే, చిక్కుపడిపోయిన టెక్సాస్ దళంలో 211 మందిని విడిపించడానికి పోయి, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. కవాతుకు అందరినీ రమ్మంటే ఇంతమందే వచ్చారేమిటని జనరల్ కసిరితే, ఉన్నవాళ్ళు ఇంతేనండి అని జవాబు వచ్చిందని చెబుతారు. ఆ ఫోటోలో ఖాళీ స్థలం కూడా మాట్లాడుతుంది. మేము దానిముందు చాలాసేపు కూర్చున్నాము.

అదే 1942లో అదే సర్కారు డొరోతియా లాంగ్ అనే గొప్ప ఫోటోగ్రాఫరును జీతమిచ్చి పిలిచి, శిబిరాలకు తరలించే దృశ్యాలు తీయమంది. ఆమె తీసింది. మూటల మీద కూర్చున్న ముసలివాళ్ళు, కోటుకు సంఖ్య రాసిన అట్ట కట్టిన పసిపిల్లలు. (మళ్ళీ సంఖ్యే.) సైన్యం వారు అవి చూసి భయపడి, యుద్ధం అయ్యేదాకా బయటికి రానీయకుండా తొక్కిపెట్టారు. తర్వాత జాతీయ భాండాగారంలో చేర్చారు. అవి ఒక పుస్తకంగా వచ్చినది 2006లో. అయితే ఇందులో ఒక విశేషం గమనించాలి: దాచిపెట్టారు గాని తగలబెట్టలేదు. మేరీలాండ్ రాష్ట్రంలో కాలేజ్ పార్క్ అనే ఊళ్ళో ఉన్న జాతీయ భాండాగారంలో సైన్యం ఫోటోలన్నీ, మెచ్చినవీ మెచ్చనివీ, వరస సంఖ్యలతో ఉన్నాయి. ఎవరైనా పోయి చూడవచ్చు. తనకు అవమానమైన ఫోటోను కూడా పారేయని సర్కారును మేము మెచ్చుకుంటాము. మన సంఘాల బీరువాల్లో ఇరవయ్యేళ్ళ కిందటి సమావేశపు ఫోటో అడిగితే దొరుకుతుందా?

చచ్చిపోయినవారి ఫోటోల విషయంలో కూడా ఆ దేశం చాలా తడబడింది. యుద్ధంలో దిగి ఏడాదిన్నర దాటినా ఒక్క అమెరికన్ శవాన్ని పత్రికల్లో చూపనీయలేదు. న్యూగినీలో బూనా తీరాన ఇసుకలో పడి ఉన్న ముగ్గురు సిపాయిల ఫోటోను జార్జ్ స్ట్రాక్ తీశాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా పోయి, ఆయన సరేనన్న మీదట 1943 సెప్టెంబరు 20 నాటి 'లైఫ్' పత్రికలో అది వచ్చింది. మొహాలు కనిపించవు. పేర్లు వేయలేదు. ఇక్కడ పేరు లేకపోవడం తప్పనిపించలేదు మాకు. ఏ తల్లి చూసినా తన కొడుకేమో అనుకునేటట్టు ఉంది ఆ ఫోటో. కాబట్టి పేరు లేని ఫోటోలన్నీ ఒకటి కావు. చూపకపోవడం వేరు, అడగకపోవడం వేరు.

నౌకాదళపు ఫోటోగ్రాఫర్ల బృందాన్ని నడిపిన ఎడ్వర్డ్ స్టైకెన్ తన వాళ్ళతో, ఓడలూ విమానాలూ కొన్నాళ్ళకు పాతబడతాయి, మనిషిని తీయండి అని అన్నాడని చెబుతారు. ఆయన పుట్టింది 1879లో, అంటే 'లియోనిడాస్' ఓడ మొదటి గిర్మిటు కూలీలను ఫిజీకి తెచ్చిన సంవత్సరమే. ఏ సంబంధమూ లేదు, ఊరికే రాశాము. ఆయన బృందం తీసిన వాటిలో ఓడ అడుగున నిద్రపోయేవాళ్ళు, పేకాడేవాళ్ళు, ఉత్తరం చదివేవాళ్ళు కనిపిస్తారు. సైన్యపు సంపుటం పక్కన వాటిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నవి యుద్ధ సమాచార శాఖకు ఆల్ఫ్రెడ్ పామర్ 1942లో తీసిన రంగు ఫోటోలు. ఫోర్ట్ నాక్స్‌లో టాంకు సిపాయిలు, లాంగ్ బీచ్‌లో డగ్లస్ విమానాల కర్మాగారంలో ఎర్ర రుమాలు కట్టుకున్న ఆడవాళ్ళు, సినిమా తారల మీద వేసినట్టు దీపాలు. కన్నుల పండుగ. రెండోసారి చూడాలనిపించలేదు.

ఇక మోతగాళ్ళు. న్యూగినీ అడవుల్లో తిండి, గుండ్లు, గాయపడినవాళ్ళు, అన్నీ దీవివాళ్ళ భుజాల మీదనే నడిచాయి. అస్సాంలోని లీడో నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన రోడ్డు పనిలో అమెరికన్ ఇంజనీరు దళాలతోబాటు, వారిలో ఎక్కువమంది నల్లవారే, వేలకొద్దీ భారతీయ కూలీలు రాళ్ళు కొట్టారు. బుల్‌డోజరు ఏ నమూనాదో ఫోటో కింద చదివితే తెలుస్తుంది. తట్ట మోసినవాడు ఏ జిల్లావాడో తెలియదు. అయినా వీరికి ఫోటో అయినా మిగిలింది. అటు జపాను వారి ఆధీనంలో, 1942, 43లలో సయాం నుంచి బర్మాకు రైలుదారి వేయడానికి మలయా రబ్బరు తోటలనుంచి పట్టుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు మన సాటి గిర్మిటు బిడ్డలే. ఆ దారి పనిలో యుద్ధఖైదీలు 12 వేలకు పైగా చనిపోయారు, వారికి కాంచనబురిలో వరసగా సమాధులున్నాయి, రాళ్ళ మీద పేర్లున్నాయి. ఖైదీలు దొంగచాటుగా తీసిన ఫోటోలు కూడా కొన్ని బతికాయి. అంతకంటె ఎన్నో రెట్లు చనిపోయిన తోట కూలీలకు పేరు చెక్కిన రాయి లేదు, పేరు రాసిన ఫోటో లేదు. మలేషియాలోని తెలుగు బంధువులు ఈ సంగతి మాకంటె బాగా చెప్పగలరు.

మన ఫిజీ సంగతి ఇంకొక రకం. ఒహాయో రాష్ట్రపు 37వ డివిజను 1942 జూన్‌లో ఫిజీలో దిగింది. దీవి కాపలా న్యూజీలాండ్ వారినుంచి అమెరికా చేతికి వచ్చింది. నాంది విమానస్థలం వారిచేతిలో పెరిగి పెద్దదయింది. మరుసటి వసంతంలో ఆ డివిజను సాలమన్ దీవులకు కదిలిపోయింది. ఆ మధ్యకాలంలో మనవాళ్ళు వారికి బట్టలు ఉతికారు, కూరలు అమ్మారు, లారీలు తోలారు, బాటలు వేశారు. సైన్యంలో మాత్రం చేరలేదు, తెల్లవారితో సమానంగా జీతం ఇస్తేనే చేరతామన్నారు, సర్కారు ఒప్పుకోలేదు. 1943లో చెరకు ధర కోసం రైతులు సమ్మె చేశారు. ఇతౌకే సోదరులు బూగెన్‌విల్ అడవుల్లో ప్రాణాలిచ్చారు. వారిలో సెఫనాయియా సుకనైవాలుకు 1944లో చనిపోయిన మీదట విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పేరు దేశమంతా ఎరుగును, ఎరగాలి కూడా. మనవాళ్ళు అడిగిన సమాన జీతం న్యాయమైనదే అని మా అభిప్రాయం. అయినా ఆ పోలిక మనల్ని చాలా ఏళ్ళు కుట్టింది. ఆ రోజుల్లో మన తాతలు ఏం చేశారని ఎవరైనా అడిగితే చూపడానికి, జీపు పక్కన నిలుచున్న ఇద్దరి ఫోటో తప్ప మా ఇంట్లో ఏమీ లేదు. అందులోనూ పేరు లేదు.

ఇంకొక చిక్కు ఉంది. మా ముత్తాత గిర్మిటు పాసు నకలు మా దగ్గర ఉంది. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, విశాఖపట్నం జిల్లా అనీ, గ్రామం, ఎత్తు ఎన్ని అడుగులో, ఎడమ కనుబొమ మీద మచ్చ అనీ, అన్నీ ఉన్నాయి. ఫోటో లేదు. ఫిజీ పాసుల మీద ఫోటో అతికే అలవాటు లేదు. అక్కడ పేరుంది, మొహం లేదు. ఇక్కడ మొహముంది, పేరు లేదు. రెండు తరాలకు రెండు సగాలు మిగిలాయి.

ఫోటో పట్టుకుని అత్తయ్య దగ్గర కూర్చున్నాము. ఆవిడకు తొంభై దాటాయి. 1942లో పదేళ్ళ పిల్ల. కళ్ళద్దాలు తుడుచుకుని, భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ బండి ఎక్కామురా మేము. గేటు దగ్గరనుంచి వాగు దాకా తిప్పాడు. సీటు కాలిపోయింది ఎండకు."

"ఈ తలపాగా ఆయన ఎవరత్తయ్యా?"

"బట్టలు తెచ్చేవాడు. మంచివాడు పాపం."

"పేరు?"

"పేరేమిటి, మామా అనేవాళ్ళం. అందరినీ మామా అనేవాళ్ళం."

రెండో ఆయనను అసలు గుర్తుపట్టలేదు. బండికి వెనక ఒక పెట్రోలు డబ్బా వేలాడేదని, దాని మూతకు గొలుసు ఉండేదని మాత్రం చెప్పారు. మేనల్లుడు ఫోటోలో వెతికి, మూల కొంచెం కనిపిస్తోంది, ఉంది అన్నాడు.

ఫోటో నకలు ఈ సంచికలో అచ్చువేయమని సంపాదకులను కోరాము. తలపాగా ఆయన కుడిచేతికి కడియం ఉంది, పొట్టి లాగు ఆయన కొంచెం ఎడమకాలి మీద బరువు వేసి నిలబడ్డాడు, కాలు అవకరమేమో. నాంది, సంబేటో, నవాకా, వోటువాలేవు ప్రాంతాల్లో ఆ రోజుల్లో సిపాయిల బట్టలు ఉతికిన ఇళ్ళ పెద్దలెవరైనా ఇంకా ఉంటే, వారి చేతికి ఈ పేజీ ఇచ్చి చూపించగలరు. పేరు పూర్తిగా తెలియకపోయినా ఇంటిపేరో, ఊరో, ఫలానావారి తమ్ముడనో చెప్పినా చాలు. జాబు పత్రిక చిరునామాకే రాయవచ్చు.